పాత వెర్షన్ బ్రౌజర్ వేసే ముందు ప్రొఫైల్ సంగతి తేల్చుకోండి

కొత్త వెర్షన్ మీద పాత బ్రౌజర్ ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పనేం కాదు. చాలాసార్లు ఇన్‌స్టాలర్ కిక్కురుమనకుండా పని పూర్తి చేస్తుంది. చిక్కులు మొదలయ్యేది దాన్ని మొదటిసారి తెరిచినప్పుడు. హిస్టరీ ఖాళీగా ఉంటుంది, బుక్‌మార్కుల్లో నాలుగు రోజుల కిందటివే కనిపిస్తాయి, సైట్లన్నీ మళ్లీ లాగిన్ అడుగుతాయి, ఎక్స్‌టెన్షన్లు ఉన్నట్టే ఉండి పని చేయవు. ఫైర్‌ఫాక్స్ అయితే ఒక హెచ్చరిక చూపించి ముందుకు కదలదు. అప్పుడు చాలామంది చేసే పని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేయడం. దానివల్ల ఏమీ మారదు, ఎందుకంటే చెడింది ప్రోగ్రామ్ కాదు.

బ్రౌజర్ అనేది రెండు చోట్ల ఉంటుంది. ప్రోగ్రామ్ ఒక ఫోల్డర్‌లో, మీ డేటా అంతా, అంటే ప్రొఫైల్, మీ యూజర్ ఖాతా కింద వేరే ఫోల్డర్‌లో. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పోయేది మొదటిదే. ప్రోగ్రామ్‌ను ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పొచ్చు. ప్రొఫైల్ మాత్రం ముందుకే నడుస్తుంది, దాన్ని వెనక్కి మార్చే కోడ్ ఎవరూ రాయరు. ఈ ఒక్క తేడా గుర్తుంటే కింద చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఫైళ్ల పేర్లు, కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్నక్షరాలు వాడండి.

వెనక్కి ఎందుకు రాదు

హిస్టరీ, బుక్‌మార్కులు, కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్లు గుర్తుంచుకునే చిన్న డేటా), సేవ్ చేసిన ఫారాలు లాంటివి ఎక్కువగా ఎస్‌క్యూలైట్ అనే రకం డేటాబేస్ ఫైళ్లలో ఉంటాయి. ప్రతి డేటాబేస్‌లోనూ దాని నిర్మాణం ఎన్నో వెర్షనో చెప్పే ఒక అంకె ఉంటుంది. కొత్త బ్రౌజర్ మొదటిసారి తెరుచుకోగానే ఆ అంకె చూసి, పాతదైతే పట్టికలకు కొత్త కాలమ్‌లు కలిపి, అవసరమైతే డేటాను వేరే పట్టికలోకి మార్చి, అంకె పెంచుతుంది. ఇదంతా తెర వెనక జరిగిపోతుంది. ఆ తర్వాత పాత బ్రౌజర్ వచ్చి చూస్తే, తాను పుట్టినప్పటికి లేని అంకె కనిపిస్తుంది. అప్పుడు ఏం చేయాలన్నది ఒక్కో ఫైలుకూ ఒక్కో రకం.

ఫైర్‌ఫాక్స్‌లో హిస్టరీ, బుక్‌మార్కులు ఉండే ప్లేసెస్.ఎస్‌క్యూలైట్ కాస్త ఓర్పు గలది. తేడా చిన్నదైతే మామూలుగానే తెరుచుకుంటుంది. మరీ కుదరకపోతే ఫైర్‌ఫాక్స్ ఆ ఫైలు పేరు చివర కరప్ట్ అని తగిలించి పక్కన పెట్టి, కొత్తది సృష్టించి, బుక్‌మార్క్‌బ్యాకప్స్ ఫోల్డర్‌లో ఉన్న చివరి బ్యాకప్ నుంచి బుక్‌మార్కులు తెచ్చుకుంటుంది. హిస్టరీకి అలాంటి బ్యాకప్ ఉండదు. బుక్‌మార్కులు కొంచెం పాతవి, హిస్టరీ సున్నా అన్న లక్షణం కనిపిస్తే జరిగింది ఇదే. పక్కన పెట్టిన ఫైలు తొందరపడి తీసేయకండి. కొత్త వెర్షన్‌కి తిరిగి వెళ్లినప్పుడు అది మళ్లీ పనికి రావచ్చు.

కుకీల ఫైలు ఇంకో రకం. తనకు కావలసిన కాలమ్‌లన్నీ ఉంటే సర్దుకుపోతుంది, లేకపోతే పట్టికనే తీసేసి మొదటి నుంచి మొదలుపెడుతుంది. అందుకే అన్ని సైట్లలోనూ ఒకేసారి లాగౌట్ అవుతారు.

అసలు మొండిది స్టోరేజ్.ఎస్‌క్యూలైట్. సైట్లు, ఎక్స్‌టెన్షన్లు బ్రౌజర్‌లో దాచుకునే డేటా మొత్తానికి ఇది తాళం లాంటిది. దీని వెర్షన్ అంకె తాను అర్థం చేసుకోగలిగిన దానికంటే పెద్దదైతే పాత ఫైర్‌ఫాక్స్ ఆ స్టోరేజ్ మొత్తాన్నీ తెరవడానికి నిరాకరిస్తుంది. బ్రౌజర్ తెరుచుకుంటుంది, పేజీలు వస్తాయి, కానీ వెబ్‌లో నడిచే మెసేజింగ్ యాప్‌లు లోడ్ అవుతూనే ఉంటాయి, ఎక్స్‌టెన్షన్ల సెట్టింగులు సేవ్ కావు. ఎక్స్‌టెన్షన్లు తమ సెట్టింగులు దాచుకునేది కూడా 66వ వెర్షన్ నుంచి ఇక్కడే మరి. ఈ లక్షణాన్ని చూసి సైటు చెడిందనో నెట్ చెడిందనో వెతుకుతూ కూర్చునేవాళ్లు ఎక్కువ. బ్రౌజర్ తన లోపాల సందేశాలు చూపే బ్రౌజర్ కన్సోల్‌లో స్టోరేజ్ వెర్షన్ మరీ ఎక్కువగా ఉందన్న సందేశం కనబడితే అనుమానం తీరినట్టే.

ఎక్స్‌టెన్షన్లకు ఇంకో బాధ కూడా ఉంది. అవి వాటంతటవే అప్‌డేట్ అవుతాయి. కొత్త ఫైర్‌ఫాక్స్ ఉన్నప్పుడు అప్‌డేట్ అయిన ఎక్స్‌టెన్షన్ తనకు ఫలానా వెర్షన్ కనీసం ఉండాలని అడిగితే, పాతదాంట్లో అది ఆగిపోతుంది. మొజిల్లా ఎక్స్‌టెన్షన్ల సైట్లో ప్రతిదానికీ పాత వెర్షన్ల పేజీ ఉంటుంది, ప్రతి వెర్షన్ పక్కనా అది ఏ ఫైర్‌ఫాక్స్‌తో పని చేస్తుందో రాసి ఉంటుంది. మీకు సరిపడేది అక్కడ దొరుకుతుంది. వేసిన వెంటనే ఆ ఎక్స్‌టెన్షన్ ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపడం మరవద్దు.

మీ సెట్టింగులు ఉండే ప్రిఫ్స్.జెఎస్ ఫైలు గురించి భయం అక్కర్లేదు. తెలియని సెట్టింగులను పాత వెర్షన్ పట్టించుకోదు, అంతే.

ఫైర్‌ఫాక్స్ హెచ్చరిక

2017లో 55వ వెర్షన్ వచ్చినప్పుడే డౌన్‌గ్రేడ్‌కు, అంటే పాత వెర్షన్‌కు దిగడానికి, మద్దతు లేదని ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా విడుదల నోట్స్‌లో రాసింది. అయినా అదే ఏడాది నవంబరులో 57 వచ్చి పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నీ ఆగిపోవడంతో చాలామంది 56కో, 52 ఈఎస్ఆర్‌కో (ఎక్కువ కాలం ఒకే వెర్షన్ దగ్గర ఆగే శాఖ) వెనక్కి వెళ్లారు, వెళ్లి ప్రొఫైళ్లు పాడు చేసుకున్నారు. 2019 మే నెలలో వచ్చిన 67 నుంచి ఫైర్‌ఫాక్స్ తానే అడ్డుపడుతుంది. పాత వెర్షన్‌ను తెరిచారని, దీనివల్ల బుక్‌మార్కులు, హిస్టరీ చెడిపోవచ్చని చెప్పి, కొత్త ప్రొఫైల్ సృష్టించడం లేదా మూసేయడం, ఈ రెండే దారులు చూపిస్తుంది.

ఈ పరీక్ష చాలా సాదాసీదాది. ప్రొఫైల్ ఫోల్డర్‌లో కంపాటిబిలిటీ.ఐఎన్ఐ అని ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. అందులో లాస్ట్‌వెర్షన్ అనే వరుసలో ఈ ప్రొఫైల్‌ను చివరిసారి తెరిచిన వెర్షన్ రాసి ఉంటుంది. అది ఇప్పటి ప్రోగ్రామ్ కంటే పెద్దదైతే హెచ్చరిక వస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి ఆ ఫైలు తీసేయమని సలహాలు కనిపిస్తుంటాయి. తీసేస్తే హెచ్చరిక పోతుంది, డేటాబేస్‌ల్లోని అంకెలు మాత్రం అలాగే ఉంటాయి. అధికారికంగా ఉన్న దారి అలౌ-డౌన్‌గ్రేడ్ అనే స్విచ్: షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ చివర ఒక ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి దాన్ని రాయాలి. ఇది కూడా హెచ్చరికను ఆపుతుందే తప్ప ఏదీ వెనక్కి మార్చదు. ఒకటి రెండు వెర్షన్లు దిగడానికి, అదీ ప్రొఫైల్ కాపీ చేతిలో ఉన్నప్పుడు, ఇది వాడొచ్చు. పదీ ఇరవై వెర్షన్లు దిగేటప్పుడు వద్దు.

ఈఎస్ఆర్ అనేది వేరే రకం బ్రౌజర్ అని, అటు మారితే అది డౌన్‌గ్రేడ్ కాదని ఒక అపోహ ఉంది. ఈఎస్ఆర్ అంటే ఒక వెర్షన్ దగ్గర ఆగి భద్రతా సవరణలు మాత్రమే తీసుకునే శాఖ. 116 గానీ ఆపైది గానీ వాడి, విండోస్ 7కు చివరి వెర్షన్ అయిన 115 ఈఎస్ఆర్‌కు వస్తే అది కిందికి దిగడమే. విడుదలకు ముందు వచ్చే పరీక్షా వెర్షన్లు బీటా, నైట్లీ నుంచి మామూలు విడుదలకు రావడం కూడా అంతే.

దిగే పద్ధతి

ముందు నిజంగా దిగాల్సిన అవసరం ఉందో లేదో చూడండి. హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూట్ మోడ్‌లో తెరిచినప్పుడు సమస్య పోతే తప్పు ఎక్స్‌టెన్షన్‌దో సెట్టింగుదో. అబౌట్:ప్రొఫైల్స్ పేజీలో ఒక కొత్త ప్రొఫైల్ సృష్టించి అందులో చూస్తే సమస్య లేకపోతే తప్పు మీ పాత ప్రొఫైల్‌ది, వెర్షన్‌ది కాదు. అలాంటప్పుడు వెర్షన్ దించితే లాభం లేకపోగా ఇంకో తలనొప్పి తోడవుతుంది. ఏ వెర్షన్‌లో చెడిందో కచ్చితంగా తెలుసుకోవాలంటే మోజ్‌రిగ్రెషన్ అనే ఉచిత సాధనం ఉంది. అది పాత వెర్షన్లను ఒక్కొక్కటిగా డౌన్‌లోడ్ చేసి, ప్రతిసారీ కొత్త ప్రొఫైల్‌తో తెరుస్తుంది, మీ అసలు డేటా జోలికి పోదు.

దిగక తప్పదనుకుంటే మొదట కొత్త వెర్షన్‌లో ఉండగానే డేటా బయటకు తీయండి. కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కితే లైబ్రరీ వస్తుంది. అందులో ఇంపోర్ట్ అండ్ బ్యాకప్ కింద బుక్‌మార్కులను హెచ్‌టీఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఏ బ్రౌజరైనా, ఏ వెర్షనైనా చదవగలిగే రూపం అదే. పాస్‌వర్డ్‌ల పేజీలో మూడు చుక్కల మెనూ నుంచి సీఎస్‌వీ ఫైలుగా తీసుకోవచ్చు. ఆ ఫైల్లో పాస్‌వర్డ్‌లు ఎవరైనా చదివేలా మామూలు అక్షరాల్లో ఉంటాయి, కాబట్టి పని కాగానే శాశ్వతంగా తీసేయాలి. చాలా పాత వెర్షన్లలో సీఎస్‌వీని లోపలికి తెచ్చుకునే ఆప్షనే ఉండదు, అప్పుడు మీ డేటాను పరికరాల మధ్య పంచే సింక్ ఖాతా మీద ఆధారపడాలి.

తర్వాత హెల్ప్‌లో మోర్ ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, ప్రొఫైల్ ఫోల్డర్ పక్కనున్న ఓపెన్ ఫోల్డర్ నొక్కి ఫోల్డర్ ఎక్కడుందో చూసుకోండి. ఇప్పుడు ఫైర్‌ఫాక్స్‌ను పూర్తిగా మూసేయండి, టాస్క్ మేనేజర్‌లో కూడా మిగలకూడదు. ఆ తర్వాతే ఫోల్డర్ మొత్తం కాపీ చేయాలి. నడుస్తుండగా కాపీ చేస్తే చివర రాసిన డేటా ఇంకా డబ్ల్యూఏఎల్ అని ముగిసే పక్క ఫైళ్లలోనే ఉండిపోతుంది. అసలు ఫైలు ఒక్కటే తీసుకున్న కాపీ అరకొరగా తయారవుతుంది.

పాత వెర్షన్ మొజిల్లా ఆర్కైవ్ సైట్లో రిలీజెస్ ఫోల్డర్ కింద, వెర్షన్ అంకె, ఆపరేటింగ్ సిస్టమ్, భాష వరుసలో దొరుకుతుంది. పూర్తి ఇన్‌స్టాలర్ తీసుకోండి. కొన్ని వందల కేబీలే ఉండే చిన్న ఇన్‌స్టాలర్ నెట్‌లోంచి తాజా వెర్షన్నే తెస్తుంది, మీరు ఎక్కడి నుంచి డౌన్‌లోడ్ చేసినా సరే. ఇతర డౌన్‌లోడ్ సైట్ల జోలికి పోవద్దు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుని వేరే ఫోల్డర్ పేరు ఇవ్వండి. కొత్తదాని మీద వేయకండి. 67 నుంచి ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌ను బట్టి ప్రొఫైల్‌ను ఎంచుకుంటుంది. అదే ఫోల్డర్‌లో వేస్తే అదే ప్రొఫైల్ పట్టుకుంటుంది, వెంటనే హెచ్చరిక వస్తుంది. వేరే ఫోల్డరైతే తనకంటూ కొత్త ప్రొఫైల్ సృష్టించుకుంటుంది, రెండు వెర్షన్లూ పక్కపక్కనే బతుకుతాయి. ఆ కొత్త ప్రొఫైల్లోకి హెచ్‌టీఎంఎల్ బుక్‌మార్కులు తెచ్చుకుని, సింక్‌లో లాగిన్ అయితే చాలు.

67 కంటే కింద దిగేవాళ్లు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ వెర్షన్లకు ఈ విడి ప్రొఫైళ్లూ తెలియవు, హెచ్చరికా లేదు. వేరే ఫోల్డర్‌లో వేసినా డిఫాల్ట్‌గా గుర్తు పెట్టి ఉన్న ప్రొఫైల్‌ను చడీచప్పుడు లేకుండా తెరిచేస్తాయి. కాబట్టి మొదటిసారి తెరిచేటప్పుడే షార్ట్‌కట్ చివర ఒక అడ్డగీత, దాని వెంటే పెద్దక్షరం పీ పెట్టి ప్రొఫైల్ మేనేజర్ రప్పించి, కొత్త ప్రొఫైల్ సృష్టించి ఎంచుకోవాలి. మరో ఫైర్‌ఫాక్స్ నడుస్తుండగా తెరవాలంటే నో-రిమోట్ స్విచ్ కూడా కలపాలి.

ఇక అప్‌డేట్. ఇంత శ్రమపడి వేసిన పాత వెర్షన్ మర్నాటికి మళ్లీ కొత్తదై కూర్చోవచ్చు. 63 నుంచి అప్‌డేట్లు అసలు చూడవద్దు అనే ఎంపిక సెట్టింగుల్లోంచి తీసేశారు. దానికి మందు పాలసీ ఫైలు: ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లో డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్, అందులో పాలసీస్.జేసన్, లోపల పాలసీస్ కింద డిసేబుల్‌యాప్‌అప్‌డేట్ విలువ ట్రూ. ఈ పేరులో డిసేబుల్, యాప్, అప్‌డేట్ అనే మూడు పదాలూ పెద్దక్షరంతో మొదలవుతాయి. మొదటిసారి తెరవక ముందే, నెట్ ఆపి, ఇది పెట్టండి.

కలగాపులగం ఇన్‌స్టాలేషన్

ప్రొఫైల్‌తో సంబంధం లేని తప్పు ఒకటుంది. బ్రౌజర్ నడుస్తుండగానే దాని మీద పాతది వేస్తే కొన్ని ఫైళ్లు లాక్ అయి ఉండి మారవు. ఫోల్డర్‌లో సగం కొత్తవి, సగం పాతవి మిగులుతాయి. అప్పుడు ప్లాట్‌ఫాం వెర్షన్ ఫలానా మిన్‌వెర్షన్, మాక్స్‌వెర్షన్‌లతో కుదరదంటూ గానీ, ఎక్స్‌పీకామ్ లోడ్ కాలేదంటూ గానీ సందేశం వస్తుంది. ఇది వచ్చిందంటే ప్రొఫైల్‌ను ముట్టుకోకండి. ప్రోగ్రామ్ అన్‌ఇన్‌స్టాల్ చేసి, మిగిలిపోయిన ఇన్‌స్టాల్ ఫోల్డర్‌ను చేత్తో తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ వేస్తే పోతుంది.

ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతే అన్నీ ప్రొఫైల్ తప్పులు కావు

కొత్త ప్రొఫైల్ సృష్టించినా ఎక్స్‌టెన్షన్లు ధ్రువీకరించలేకపోయామంటూ ఆగిపోతే సర్టిఫికెట్ల (ఎక్స్‌టెన్షన్లు, సైట్లు అసలైనవేనని రుజువు చేసే డిజిటల్ పత్రాలు) గడువు చూడండి. ఎక్స్‌టెన్షన్ల సంతకాలను సరిచూసే మొజిల్లా రూట్ సర్టిఫికెట్ ఒకటి 2025 మార్చి 14న గడువు తీరింది. 128 గానీ ఆపైది గానీ, లేదా 115.13 ఈఎస్ఆర్ గానీ ఆపైది గానీ ఉంటే ఇబ్బంది లేదు. అంతకు కింద దిగితే ఎంత శుభ్రమైన ప్రొఫైలైనా ఉపయోగం లేదు. 2019 మే 4న కూడా ఇలాగే మధ్యస్థ సర్టిఫికెట్ గడువు తీరి అందరి ఎక్స్‌టెన్షన్లూ ఒక్కసారిగా ఆగాయి, 66.0.4తో సరిచేశారు. కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పమనే చిట్కా పాటిస్తే ఎక్స్‌టెన్షన్లు రావచ్చు, బదులుగా సైట్ల సర్టిఫికెట్లు ఇంకా మొదలే కాలేదంటూ పేజీలు తెరుచుకోవు. 50 కంటే కిందికి దిగితే ఇంకో సంగతి: సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ రూట్ సర్టిఫికెట్ ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చిందే 50లో. దాని మీద ఆధారపడే సైట్లు ఎన్నో ఉన్నాయి.

క్రోమ్, ఎడ్జ్

క్రోమ్ ఇన్‌స్టాలర్ మొదటే ఆపేస్తుంది, ఈ కంప్యూటర్‌లో ఇంతకంటే కొత్త వెర్షన్ ఉందని. కాబట్టి ముందు అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. అక్కడ బ్రౌజింగ్ డేటా కూడా తీసేయాలా అని అడిగే టిక్ పెట్టకండి. యూజర్ డేటా ఫోల్డర్ ముందే కాపీ చేసి ఉంటే ఇంకా మంచిది. తర్వాత పాతది తెరిస్తే, ప్రొఫైల్ కొత్త వెర్షన్‌ది కాబట్టి వాడలేమని, వేరే ప్రొఫైల్ ఫోల్డర్ చూపించమని చెప్పవచ్చు.

ఆ సందేశం ప్రతిసారీ రాదు. కారణం ఆసక్తికరమైనదే. క్రోమ్ డేటాబేస్‌ల్లో మెటా అనే చిన్న పట్టికలో రెండు అంకెలుంటాయి: ఇప్పటి వెర్షన్, దీన్ని చదవగలిగిన అత్యంత పాత వెర్షన్. చిన్న మార్పైతే మొదటిదే పెరుగుతుంది, పాత క్రోమ్ కూడా తెరవగలుగుతుంది. పెద్ద మార్పైతే రెండూ పెరుగుతాయి, పాతది నిరాకరిస్తుంది. యూజర్ డేటాలో లాస్ట్ వెర్షన్ అనే టెక్స్ట్ ఫైలు ఉందని దాన్ని దిద్దేవాళ్లున్నారు. ఈ అంకెల మీద దాని ప్రభావమేమీ ఉండదు.

విండోస్‌లో కుకీలది విడి కథ. క్రోమ్ 127 నుంచి వాటిని ఆ యాప్‌కే కట్టుబడ్డ కొత్త ఎన్‌క్రిప్షన్‌తో దాస్తోంది. దాని కిందికి దిగితే ఫైలు తెరుచుకున్నా లోపలి విలువలు చదవడం కుదరదు, అన్ని చోట్లా లాగౌటే. ఇది దారిలో ఎలాగూ పోయేదని ముందే లెక్కేసుకుని, రెండంచెల లాగిన్ ఉన్న ఖాతాల రికవరీ కోడ్‌లు దగ్గర పెట్టుకోండి.

యూజర్ డేటాలో స్నాప్‌షాట్స్ అనే ఫోల్డర్ కనిపిస్తే అది పెద్ద వెర్షన్ మారినప్పుడు క్రోమ్ తీసిపెట్టుకున్న కాపీ. మామూలుగా 3 వరకు ఉంచుతుంది. సంస్థల్లో అడ్మిన్ రోల్‌బ్యాక్ పాలసీ పెట్టి దించినప్పుడు ఇవి పనికొస్తాయి. ఇంట్లో వాడేవాళ్లకు నా సలహా వేరే: పరీక్షకోసమైతే క్రోమ్ ఫర్ టెస్టింగ్ తీసుకోండి. వెర్షన్ అంకెతో దొరుకుతుంది, తనంతట తాను అప్‌డేట్ కాదు. దానికి యూజర్-డేటా-డిర్ స్విచ్‌తో విడి ఫోల్డర్ ఇవ్వండి. రోజువారీ వాడకానికి మాత్రం అది కాదు.

ఎడ్జ్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థల పేజీలో పాత వెర్షన్ల ఎంఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాలర్) ఫైళ్లు పెడుతుంది. ఎంఎస్ఐఎగ్జెక్ కమాండ్ చివర అలౌడౌన్‌గ్రేడ్, సమానం గుర్తు, 1 చేరిస్తే మీద వేయనిస్తుంది. ఆ పేరంతా పెద్దక్షరాల్లో ఉండాలి. ప్రొఫైల్ సంగతి క్రోమ్‌లాగే.

లినక్స్, ఆండ్రాయిడ్

ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వస్తుంది. స్నాప్ రివర్ట్ ఫైర్‌ఫాక్స్ అనే కమాండ్ ఇస్తే ముందటి రివిజన్ (అంతకు ముందు కాపీ) వెంటనే వస్తుంది, కానీ మామూలుగా డిస్క్ మీద ఉంచేది 2 రివిజన్లే. స్నాప్ వెనక్కి తిప్పితే డేటా కూడా తిరుగుతుందనే మాట ఫైర్‌ఫాక్స్ విషయంలో చెల్లదు. దాని ప్రొఫైల్ రివిజన్‌ను బట్టి మారే ఫోల్డర్‌లో కాదు, కామన్ ఫోల్డర్‌లో ఉంటుంది. ప్రోగ్రామ్ వెనక్కి పోతుంది, ప్రొఫైల్ ముందరే ఉండిపోతుంది. దిగాక స్నాప్ రిఫ్రెష్ కమాండ్‌కు హోల్డ్ స్విచ్ పెట్టి ఆపండి. ఆప్ట్ అనే మరో ప్యాకేజీ సాధనం వాడేవాళ్లకు అదే పని ఆప్ట్-మార్క్ హోల్డ్ చేస్తుంది.

ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ లోపల ఒక వెర్షన్ కోడ్ ఉంటుంది. చిన్న కోడ్ ఉన్నదాన్ని పెద్దదాని మీద వేయనివ్వదు, యాప్ ఇన్‌స్టాల్ కాలేదని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. యాప్ తీసేసి పాతది వేయాలి, తీసేస్తే దాని డేటా మొత్తం పోతుంది. కంప్యూటర్లో చేసినట్టు ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ చేసుకునే వీలు రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం) లేని ఫోన్‌లో ఉండదు. కాబట్టి ముందు సింక్ పూర్తయిందో లేదో ఇంకో పరికరంలో తెరిచి కళ్లారా చూసుకోవాలి. ఫోన్‌తో పాటే వచ్చిన క్రోమ్ అయితే యాప్ సమాచారంలో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అనే దారి ఉంది. అది మీరు కోరిన వెర్షన్‌కు కాదు, ఫోన్ సిస్టమ్‌తో వచ్చిన వెర్షన్‌కు తీసుకెళ్తుంది.

మళ్లీ పైకి వచ్చేటప్పుడు

పాత వెర్షన్‌కు విడి ప్రొఫైల్ ఇచ్చినవాళ్లకు ఇందులో పనేమీ లేదు. కొత్తదాని షార్ట్‌కట్ తెరిస్తే దాని ప్రొఫైల్ ఎక్కడ వదిలారో అక్కడే ఉంటుంది, మధ్యలో చేర్చిన బుక్‌మార్కులు సింక్ ద్వారా వస్తాయి. ఒకే ప్రొఫైల్‌ను అలౌ-డౌన్‌గ్రేడ్‌తో దించి వాడినవాళ్లు మాత్రం ముందు దాచిన కాపీని వెంటనే తుడిచేయకండి. దిగి ఎక్కిన ప్రొఫైల్లో కొన్నిటికి మార్పులు రెండోసారి నడుస్తాయి, లోపాలుంటే బయటపడేది అప్పుడే. హిస్టరీ, పాస్‌వర్డ్‌లు, ఎక్స్‌టెన్షన్ల సెట్టింగులు మూడూ చూసుకోండి. ఏదైనా తేడా ఉంటే కొత్త వెర్షన్ మూసేసి, దిగక ముందు తీసిన కాపీని దాని స్థానంలో పెట్టి, మధ్యలో చేరిన బుక్‌మార్కులను మాత్రం హెచ్‌టీఎంఎల్‌గా తెచ్చుకోండి. అప్‌డేట్లు ఆపడానికి పెట్టిన పాలసీ ఫైలు తీసేయండి, ఆప్ట్, స్నాప్ హోల్డ్‌లు కూడా విప్పండి. అవి అలాగే ఉంటే బ్రౌజర్ ఈసారి ఈ వెర్షన్ దగ్గర ఆగిపోతుంది, భద్రతా సవరణలు రావడం లేదని చెప్పే గంట ఏదీ మోగదు.